వీధిబడి నుండి ఆన్‌లైన్ తరగతి వరకు: తెలుగునేలపై సహాధ్యాయి సంబంధాల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

2020 మార్చిలో కోవిడ్ కారణంగా విద్యాసంస్థలు మూతపడినప్పుడు తెలుగు రాష్ట్రాల విద్యార్థులు ఒక్కసారిగా ఆన్‌లైన్ చదువులోకి ప్రవేశించారు. ఆ చదువు విద్యార్థుల స్నేహాలను, సామాజిక జీవనాన్ని దెబ్బతీసిందన్న అభిప్రాయం విస్తృతంగా వ్యక్తమైంది. ఆ దెబ్బకు కారణం తెరా, దూరమా, మరొకటా అన్న ప్రశ్నకు సమాధానం వర్తమానంలో మాత్రమే దొరకదు. తెలుగునేలపై వీధిబడి, వసతిగృహం, ఉపగ్రహ దూరదర్శన ప్రయోగం, సార్వత్రిక విద్య అనే నాలుగు దశలలో సహాధ్యాయి సంబంధం ఎలా ఏర్పడిందో పరిశీలించి, ఆ వెలుగులో 2020-21 నాటి అనుభవాన్ని విశ్లేషించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: సహాధ్యాయి, వీధిబడి, వసతిగృహం, దూరవిద్య, అధ్యయన కేంద్రం, ఆన్‌లైన్ తరగతి, సామాజిక సంబంధాలు.

1. ఉపోద్ఘాతం:

భారతీయ కథాసంప్రదాయంలో సహాధ్యాయి సంబంధానికి రెండు ప్రసిద్ధమైన ఉదాహరణలు ఉన్నాయి. సాందీపని వద్ద కలిసి చదువుకున్న శ్రీకృష్ణ కుచేలులది ఒకటి. బాల్యంలో ఒకే గురువు వద్ద చదువుకున్న ద్రోణ ద్రుపదులది మరొకటి. మొదటి కథలో ఏళ్ల తరువాత వచ్చిన నిరుపేద మిత్రుణ్ణి ప్రభువు గుర్తించాడు. రెండవ కథలో గుర్తించడానికి నిరాకరించాడు. ముగింపులు భిన్నమైనా, రెండు కథల పునాది ఒక్కటే. కలిసి చదువుకోవడం వల్ల సంపద, హోదా అనే హద్దులను దాటిన బంధం ఒకటి ఏర్పడుతుందని, దానిని నిలుపుకోవడం ధర్మమని, కాదనడం వైరానికి మూలమని ఆ కథలు భావిస్తాయి. చదువు అంటే గురుశిష్య సంబంధం మాత్రమే కాదన్న ఎరుక ఈ సమాజానికి కొత్తది కాదు.

ఆధునిక దూరవిద్యా సిద్ధాంతం కూడా ఈ విషయాన్ని తనదైన పరిభాషలో చెప్పింది. మైకేల్ మూర్ 1989లో విద్యలోని పరస్పర చర్యను మూడు విధాలుగా విభజించారు. అవి అభ్యాసకునికి పాఠ్యాంశంతో, బోధకునితో, తోటి అభ్యాసకులతో ఉండే సంబంధాలు. 2020లో ఆన్‌లైన్ విద్యపై జరిగిన చర్చ ఎక్కువగా మొదటి రెండింటి చుట్టూ తిరిగింది. పాఠం అందిందా, ఉపాధ్యాయుడు వినిపించాడా అన్నవే ముఖ్యమైన ప్రశ్నలయ్యాయి. మూడవ సంబంధం ఏమైందన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం.

2. వీధిబడి: తోటి విద్యార్థే బోధకుడు

మద్రాసు రాజధాని గవర్నరు థామస్ మన్రో 1822 జూన్‌లో దేశీయ విద్యాస్థితిపై సమాచారం సేకరించవలసిందిగా జిల్లా కలెక్టర్లను ఆదేశించారు. దానికి సమాధానంగా బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక తెలుగు, కన్నడ ప్రాంతాల వీధిబడుల గురించి విలువైన ఆధారం. నాటి బళ్లారి జిల్లాలో ఆయన లెక్కించిన 533 విద్యాస్థలాలలో 235 కన్నడానివి, 226 తెలుగువి. వాటిలో చదివే పిల్లలు 6,641 మంది.

బడి దినచర్యను క్యాంప్‌బెల్ వివరంగా నమోదు చేశారు. ఉదయం అందరికంటే ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు రాసేవారు. రెండవవాని చేతిలో సున్న చుట్టేవారు. అతనికి మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ తరువాత వచ్చిన ప్రతివానికీ ఒక్కొక్కటి అదనంగా పడేవి. పిల్లవాడు బడిలో అడుగుపెట్టిన క్షణం నుండే అతని స్థానం తోటివారితో పోల్చి నిర్ణయమయ్యేది.

ఇంతకన్నా ముఖ్యమైనది బోధనాపద్ధతి. పిల్లలు స్థాయిని బట్టి జట్లుగా కూర్చునేవారు. పై జట్టువారు కింది జట్టువారికి ఇసుకలో అక్షరాలు దిద్దించేవారు. ఎదుటివానికి నేర్పే క్రమంలో తమ చదువును స్థిరపరచుకునేవారు. క్యాంప్‌బెల్ ఈ పద్ధతిని మెచ్చుకుని, ఇంగ్లాండు దీనిని అనుకరించడం సముచితమేనని అభిప్రాయపడ్డారు. మద్రాసు ఎగ్మూరులోని సైనిక అనాథ బాలుర ఆశ్రమంలో పనిచేసిన ఆండ్రూ బెల్ పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చెప్పించే విధానాన్ని అమలుచేసి, 1797లో లండన్‌లో దానిపై పుస్తకం ప్రచురించారు. అది ‘మద్రాసు పద్ధతి’గా బ్రిటన్‌లో ప్రాచుర్యం పొందింది.

అయితే వీధిబడిని ఆదర్శీకరించడం చరిత్రకు న్యాయం చేయదు. క్యాంప్‌బెల్ లెక్కించిన 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే. అంటరానివిగా ముద్రపడిన కులాల పిల్లలకు ఆ అరుగు సాధారణంగా అందనిదే. సహాధ్యాయి సంబంధం బలమైనదే కాని, అందులోకి ఎవరిని రానిస్తారన్నది సమాజం ముందే నిర్ణయించి పెట్టింది. ఈ రెండు సత్యాలూ తరువాతి దశలన్నింటినీ వెంటాడాయి.

3. వసతిగృహం: తరగతి బయటి చదువు

ఇరవయ్యవ శతాబ్దారంభంలో పల్లెల నుండి పట్టణాలకు చదువుకు వచ్చిన యువకులకు ఆశ్రయమిచ్చినవి వసతిగృహాలు. హైదరాబాదులో 1918లో రాజబహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో ఏర్పడిన రెడ్డి హాస్టల్ వాటిలో ప్రముఖమైనది. గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి దాని నిర్వహణ బాధ్యతలు చూశారు. ఉర్దూ పాలనాభాషగా ఉన్న రాజ్యంలో తెలుగు పుస్తకం, తెలుగు పత్రిక, తెలుగు సభ ఇటువంటి చోట్ల ఊపిరి పోసుకున్నాయి. ఒకే పంక్తిలో భోజనం, ఒకే దీపం కింద చదువు, రాత్రి పొద్దుపోయే దాకా సాగే వాదన అనే మూడింటినీ ఏ పాఠ్యప్రణాళికా పేర్కొనలేదు. అయినా ఒక తరం ప్రజాజీవితాన్ని తీర్చిదిద్దింది అవే.

1938 నాటి వందేమాతరం ఉద్యమం దీనికి బలమైన నిదర్శనం. ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహాల విద్యార్థులు తమ ప్రార్థనా సమావేశాలలో వందేమాతరం పాడడాన్ని అధికారులు నిషేధించారు. ఆజ్ఞను ధిక్కరించినవారిని బహిష్కరించారు. వారిలో అనేకులు నాగపూర్ విశ్వవిద్యాలయంలో చేరి చదువు కొనసాగించారు. తరువాతి కాలంలో దేశ ప్రధాని అయిన పి.వి. నరసింహారావు ఆ విద్యార్థులలో ఒకరు. ఈ సామూహిక నిర్ణయం ఉపన్యాసాలు విన్నంత మాత్రాన పుట్టలేదు. పక్కపక్క గదులలో బతికిన యువకుల మధ్య ఏర్పడిన నమ్మకం దానికి ఆధారం.

ఆనాటి వసతిగృహాలు చాలావరకు కులాల పేరిట వెలిసినవే. ఆ పరిమితిని దాటే ప్రయత్నం స్వాతంత్ర్యానంతరం సాంఘిక సంక్షేమ వసతిగృహాలు, గురుకుల పాఠశాలల రూపంలో జరిగింది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఏర్పడిన గురుకుల పాఠశాల ఈ దిశలో తొలి అడుగు. ఊరికీ వాడకూ మధ్య దూరం పాటించే సమాజంలో, భిన్న నేపథ్యాల పిల్లలు ఒకే చూరు కింద నిద్రించడం పాఠ్యపుస్తకంలోని సమత్వ పాఠం కన్నా గట్టి బోధన.

4. సామూహిక తెర: 1975-76

తెర మీద పాఠం తెలుగు పిల్లలకు 2020లో కొత్తగా పరిచయమైనది కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు భారత ప్రభుత్వం అమెరికా అంతరిక్ష సంస్థ నాసా సహకారంతో ఉపగ్రహ బోధనా దూరదర్శన ప్రయోగాన్ని నిర్వహించింది. ‘సైట్’ అనే పేరుతో ప్రసిద్ధమైన ఈ ప్రయోగంలో ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని దాదాపు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. ఉదయం బడి పిల్లలకు, సాయంత్రం గ్రామస్థులకు ప్రసారాలు వచ్చేవి.

ఇక్కడ గమనించవలసింది తెర ఉన్న చోటు. ప్రయోగం కోసం ఇచ్చిన టెలివిజన్ ఏ ఒక్క ఇంటిదీ కాదు. బడి వంటి ఉమ్మడి స్థలంలో నిలిపిన ఒకే పెట్టె ముందు పిల్లలందరూ గుమిగూడేవారు. బోధకుడు వందల మైళ్ల దూరంలో ఉన్నా, సహాధ్యాయి మాత్రం భుజానికి భుజం ఆనించి ఉండేవాడు. బొమ్మ అర్థం కాకపోతే పక్కవాణ్ణి అడిగే వీలుండేది. తరువాతి కాలంలో సమైక్యాంధ్రప్రదేశ్‌లో ‘మన టీవీ’ పాఠాలు కళాశాలల్లోని స్వీకరణ కేంద్రాలకు చేరినప్పుడు కూడా ఈ అమరికే కొనసాగింది. తెర పాఠాన్ని మోసుకొచ్చింది. తరగతిని మాత్రం విడదీయలేదు.

5. దూరవిద్య: ఆదివారపు సహాధ్యాయులు

1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఉత్తర ప్రత్యుత్తరాల ద్వారా చదువును ప్రారంభించింది. పది సంవత్సరాల తరువాత 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం అదే మార్గంలో కరస్పాండెన్స్ కోర్సుల విభాగాన్ని నెలకొల్పింది. 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అవతరించింది. ప్రథమ ఉపకులపతి జి. రామిరెడ్డి. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా ఆయనే తొలి ఉపకులపతి అయ్యారు. రాష్ట్ర సంస్థకు 1991లో డా. బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

ఈ విశ్వవిద్యాలయ చరిత్ర రాసేవారు సాధారణంగా తెలుగు మాధ్యమంలో రూపొందిన పాఠ్యగ్రంథాలను, ఆకాశవాణి పాఠాలను, అర్హత పరీక్ష ద్వారా ఇచ్చిన ప్రవేశావకాశాన్ని ప్రస్తావిస్తారు. అవి గొప్ప విజయాలే. వాటితో సమానమైన ప్రాధాన్యం గల మరొక ఏర్పాటు అధ్యయన కేంద్రం. స్థానిక కళాశాల భవనాలలోనే, సెలవు దినాలలో, ముఖ్యంగా ఆదివారాలలో, సంపర్క తరగతులు నడిచేవి. వారమంతా గుమాస్తాగా, టీచరుగా, దుకాణదారుగా, గృహిణిగా బతికిన మనిషి ఆదివారం నాడు విద్యార్థి అయ్యేవాడు, అయ్యేది.

ఆ తరగతులకు హాజరు తప్పనిసరి కాకపోయినా వచ్చినవారికి అక్కడ పాఠంతో పాటు మరొకటి లభించేది. పెళ్లితో చదువు ఆగిన స్త్రీకి తనలాంటి మరో నలుగురు కనిపించేవారు. నలభై ఏళ్ల వయసులో డిగ్రీ చదవడం నవ్వులాట కాదన్న ధైర్యం అక్కడ చిక్కేది. పరీక్షల తేదీలు, పాత ప్రశ్నపత్రాలు, ఉద్యోగ ప్రకటనలు చేతులు మారేవి. దూరవిద్యలోని ‘దూరం’ బోధకునికీ విద్యార్థికీ మధ్య ఉన్నదే. విద్యార్థికీ విద్యార్థికీ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించేందుకు వ్యవస్థ ఒక చోటును, ఒక రోజును కేటాయించింది. తెలుగునేలపై దూరవిద్య వేలాది కుటుంబాలలో తొలి పట్టభద్రులను తయారుచేయగలగడంలో ఈ ఆదివారాల పాత్ర తక్కువది కాదు.

6. 2020-21: ఒంటరి తెర

2020 మార్చి మధ్యలో పాఠశాలలు, కళాశాలలు, వాటితో పాటు వసతిగృహాలు మూతపడ్డాయి. ఆ వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పదవ తరగతి పరీక్షలు రద్దయ్యాయి. తెలంగాణలోనే అయిదు లక్షలకు పైగా విద్యార్థులు పరీక్ష రాయకుండా ఉత్తీర్ణులయ్యారు. పదేళ్లు కలిసి చదివినవారు వీడ్కోలు చెప్పుకోకుండానే విడిపోయారు. సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు బడులు తెరిచారు. తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, ఆపై తరగతులు మొదలై, మార్చి 24 నుండి మళ్లీ ఆగిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆగస్టు 16న, తెలంగాణలో సెప్టెంబరు 1న బడులు తిరిగి తెరుచుకున్నాయి. ఈ కాలంలో సహాధ్యాయి సంబంధానికి కలిగిన నష్టాన్ని మూడు కోణాలలో చూడవచ్చు.

6.1. ఉమ్మడి తెర సొంత తెరగా మారడం:

1975లో ఊరికొక తెర. 2020లో మనిషికొక తెర ఉంటుందన్న ఊహ. ఆ ఊహ వాస్తవానికి చాలా దూరం. జాతీయ నమూనా సర్వే 75వ విడత (2017-18) ప్రకారం దేశంలో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న కుటుంబాలు సుమారు 24 శాతం. గ్రామాలలో ఆ సంఖ్య 15 శాతానికి మించలేదు. అసర్ నివేదిక ప్రకారం స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇళ్లలోని గ్రామీణ విద్యార్థులు 2018లో 36.5 శాతం కాగా 2020 నాటికి 61.8 శాతానికి పెరిగారు. ఇంట్లో ఫోన్ ఉండడం వేరు, పిల్లల చేతిలో ఉండడం వేరు. పగలు తండ్రి వెంట పనికి వెళ్లే ఫోన్, సాయంత్రం అన్నదమ్ముల తరువాత అమ్మాయి వంతుకు వచ్చేది. 2021 ఆగస్టులో 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలోని పేద కుటుంబాలలో జరిగిన ‘స్కూల్’ సర్వేలో గ్రామీణ పిల్లలలో క్రమం తప్పక ఆన్‌లైన్‌లో చదువుతున్నవారు 8 శాతమే. అసలు చదవనివారు 37 శాతం. పాఠం అందనివారికి తోటివారి సాంగత్యమూ అదే రోజు తెగిపోయింది.

6.2. పలుచని పరిచయాల నష్టం:

సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో బలమైన బంధాలకన్నా పలుచని పరిచయాలే మనిషికి కొత్త సమాచారాన్ని, కొత్త అవకాశాలను తెచ్చిపెడతాయని ప్రతిపాదించారు. ఈ సూత్రం 2020 నాటి కళాశాల అనుభవాన్ని అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది. అప్పటికే స్నేహితులైనవారు వాట్సాప్‌లో కలిసే ఉన్నారు. కొన్ని స్నేహాలు గాఢమయ్యాయి కూడా. దెబ్బతిన్నది పేరు తెలియని పరిచయం. గ్రంథాలయంలో ఎదుటి బల్ల మీది విద్యార్థి, బస్సులో రోజూ కనిపించే వేరే శాఖ అమ్మాయి, టీ కొట్టు దగ్గర ఉద్యోగ ప్రకటన గురించి చెప్పే సీనియర్ వంటివారు ఏ గ్రూపులోనూ లేరు. ఆ సంవత్సరం మొదటిసారి కళాశాలలో చేరినవారికి నిలుపుకోవలసిన పాత స్నేహం లేదు, కొత్త స్నేహం మొలిచే చోటూ లేదు. మ్యూట్ చేసిన మైకులు, ఆపివేసిన కెమెరాల మధ్య తోటి విద్యార్థి నల్లని చతురస్రంలోని ఒక పేరుగా మిగిలాడు. పాఠం నడుస్తుండగా పక్కవానితో గుసగుసలాడే అవకాశం ఆన్‌లైన్ తరగతిలో లేదు. మాట్లాడితే అందరికీ వినపడాలి, లేదా ఎవరికీ వినపడకూడదు. ఆ గుసగుసే క్యాంప్‌బెల్ చూసిన వీధిబడిలో బోధనాపద్ధతి.

6.3. ఉమ్మడి చోటు అదృశ్యం:

వసతిగృహాలు మూసివేయడమంటే పిల్లలను ఇళ్లకు పంపడమని మాత్రమే భావించారు. సంక్షేమ వసతిగృహం, గురుకులం విద్యార్థికి అది ఊరి హద్దులలోకి తిరిగి వెళ్లడం. తరగతిలో ఒకే బల్లపై కూర్చున్న ఇద్దరు ఊరికి చేరేసరికి ఒకరు ఊళ్లో, మరొకరు వాడలో ఉంటారు. తరగతి గది కల్పించిన చనువును నిలబెట్టడానికి ఊరి భూగోళంలో తావు తక్కువ. బాలికలకు ఈ నష్టం మరింత తీవ్రం. బడి వారికి ఇంటిపని నుండి విడుదల. తోటి అమ్మాయిలతో మనసు విప్పి మాట్లాడగల ఏకైక బహిరంగ స్థలం కూడా అదే. ఆన్‌లైన్ తరగతి పాఠాన్ని ఇంట్లోకి తెచ్చింది కాని, ఇంటి బయటి లోకాన్ని తేలేకపోయింది.

7. ఆన్‌లైన్ విద్య కల్పించిన అవకాశాలు:

ఆన్‌లైన్ విద్య సంబంధాలను తెంచింది మాత్రమే కాదు. పదిమందిలో లేచి ప్రశ్నించడానికి జంకే విద్యార్థి చాట్ పెట్టెలో సందేహం రాయగలిగాడు. చలనవైకల్యం ఉన్నవారికి మెట్లు ఎక్కే అవస్థ తప్పింది. చిన్న పట్టణంలోని పరిశోధక విద్యార్థి మరో రాష్ట్రంలోనో, విదేశంలోనో జరిగే సదస్సులో పాల్గొనగలిగాడు. తెలుగు సాహిత్య అంతర్జాల సదస్సులు ప్రవాస తెలుగువారినీ స్థానిక అధ్యాపకులనూ ఒకే వేదిక మీదికి తెచ్చాయి. ఈ ప్రయోజనాలన్నీ నిజమైనవే. అయితే ఇవి అప్పటికే ఒక విద్యాసమూహంలో సభ్యులైనవారికి ఎక్కువగా దక్కాయి. సమూహంలోకి మొదటి అడుగు వేయవలసినవారికి తెర ఒక్కటే చాలలేదు.

8. చరిత్ర ముందుంచే ప్రశ్న:

2020 జూలైలో వెలువడిన ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలు పిల్లలు తెర ముందు గడిపే సమయానికి పరిమితి విధించాయి. ఒకటి నుండి ఎనిమిది తరగతులకు రోజుకు రెండు, తొమ్మిది నుండి పన్నెండు తరగతులకు నాలుగు బోధనా విభాగాలకు మించరాదని సూచించాయి. ఆ జాగ్రత్త అవసరమే. తెర ముందు ఎంతసేపు అన్న ప్రశ్నతో పాటు, తెర ముందు ఎవరితో అన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యం.

ఈ ప్రశ్న మహమ్మారితో ముగిసిపోలేదు. 2021 నాటి యూజీసీ నిబంధనలు ఒక సెమిస్టరులోని కోర్సులలో 40 శాతం వరకు స్వయం వేదిక ద్వారా చదివేందుకు అనుమతించాయి. కళాశాలలు ఈ అవకాశాన్ని అధ్యాపకుల కొరతను పూరించే మార్గంగా మాత్రమే వాడుకుంటే, విద్యార్థి ఒంటరి తెర వద్దకే తిరిగి చేరుతాడు. అదే కోర్సును గ్రంథాలయంలోనో, అధ్యయన కేంద్రంలోనో పదిమంది కలిసి చూసి, చర్చించే ఏర్పాటు చేస్తే అది 1975 నాటి ఉమ్మడి తెరకు, 1982 నాటి ఆదివారపు తరగతికి వారసత్వమవుతుంది. సాంకేతికత రెండు సందర్భాలలోనూ ఒక్కటే. తేడా అంతా కూర్చునే తీరులో ఉంది.

9. ముగింపు:

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి.

1. తెలుగునేలపై సహాధ్యాయి విద్యకు తోడుగా వచ్చిన అదనపు సుఖం కాదు. వీధిబడి కాలం నుండి అతడు బోధనలో భాగస్వామి.

2. ఉపగ్రహ దూరదర్శన ప్రయోగం, సార్వత్రిక విశ్వవిద్యాలయం బోధకుణ్ణి దూరం చేసినా, అభ్యాసకులు కలుసుకునే చోటును కాపాడాయి. కనుక విద్యార్థుల ఒంటరితనానికి దూరాన్నో తెరనో మాత్రమే కారణంగా చూపడం చరిత్ర దృష్ట్యా నిలవదు.

3. 2020-21 నాటి ఆన్‌లైన్ చదువు ప్రత్యేకత ఆ ఉమ్మడి చోటు పూర్తిగా లోపించడం. ప్రజారోగ్యం దృష్ట్యా నాడు అది అనివార్యం. అనివార్యంగా వచ్చిన అమరికను సాధారణ విద్యావిధానంగా స్థిరపరచడం అనివార్యం కాదు.

4. నష్టం అందరికీ సమానంగా కలగలేదు. బడి, వసతిగృహం తప్ప మరో ఉమ్మడి స్థలం లేని దళిత, గిరిజన, పేద విద్యార్థులు, బాలికలు ఎక్కువ కోల్పోయారు.

5. ఆన్‌లైన్ విద్యను విస్తరించే ప్రతి ప్రణాళికలోనూ విద్యార్థులు పరస్పరం కలుసుకునే స్థలానికి, సమయానికి స్పష్టమైన కేటాయింపు ఉండాలి. అధ్యయన కేంద్రాల పునరుద్ధరణ అందుకు అందుబాటులో ఉన్న మార్గం.

కుచేలుణ్ణి శ్రీకృష్ణుడు గుర్తించడానికి వారిద్దరూ ఒకప్పుడు ఒకే చోట ఉండడం ఆధారమైంది. సంపదలోను, కులంలోను, లింగంలోను ఇంత అంతరమున్న సమాజంలో, భిన్నమైన జీవితాలు గల పిల్లలు ఒకరినొకరు ఎరిగే ఆ చోటును కల్పించడం విద్యావ్యవస్థ బాధ్యత. పాఠం ఏ మార్గంలో వచ్చినా ఆ బాధ్యత మారదు.